మన నీళ్ళు, మన నాచు

"మా చేపల తొట్టిలో మొక్కలు బతకట్లేదు, ఏం మందు వెయ్యాలి?" అని తెలిసినవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. నేను తిరిగి ఓ ప్రశ్న వేస్తాను: మీ ఇంట్లో గీజర్ కాయిల్ ఎన్నాళ్ళకోసారి పాడవుతుంది? ఏడాదికో రెండేళ్ళకో అన్నారంటే సగం జవాబు దొరికినట్టే. కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టించే సున్నమే అక్కడ మొక్కల సంగతి కూడా తేలుస్తోంది.

మాది వేములవాడ. రాజన్న గుడి, ధర్మగుండం, కోడె మొక్కు అంటే తెలియనివాళ్ళుండరు. మా వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు: సబ్బు నురగ రాదు, పప్పు ఓ పట్టాన ఉడకదు. మా ఇంటి బోరు నీళ్ళ పీహెచ్ ఎనిమిదికి పైనే. ఇలాంటి నీళ్ళున్న ఇళ్ళలో జనం చేసేదేమిటంటే, ఇంటర్నెట్‌లో జపాన్ తొట్ల వీడియోలు చూసి, హైదరాబాదు నుంచి ఎర్ర ఆకుల మొక్కలు తెప్పించి, మూడు వారాల తర్వాత కుళ్ళిన కాడలు ఏరుకోవడం. తర్వాత సిలిండరు, ఆ తర్వాత ఎరువు సీసాలు, ఆపైన ఆర్వో నీళ్ళు! ఆర్వో మిషను ఒక బిందె మంచినీళ్ళు ఇవ్వడానికి ఇంకో బిందెకి తక్కువ కాకుండా మోరీ పాలు చేస్తుంది. ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసే జిల్లాల్లో ఇదేం సరదా?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. నీళ్ళను చూసి మొక్కను ఎంచుకోవాలి. మొక్క కోసం నీళ్ళను మార్చబోతే డబ్బూ పోతుంది, మొక్కా పోతుంది.

ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. మొక్కకి వెలుగు, ఎరువు, కార్బన్ మూడూ కావాలి. నీళ్ళలో ఎప్పుడూ కొరతపడేది మూడోదే. బొగ్గుపులుసు వాయువు గాల్లో కదిలే వేగంతో పోలిస్తే నీళ్ళలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పైగా పీహెచ్ ఎనిమిది దాటిన నీళ్ళలో వాయువు రూపంలో మిగిలేది చాలా తక్కువ, దాదాపు అంతా బైకార్బొనేట్‌గా మారి ఉంటుంది. షాపుల్లో మెరిసిపోయే మొక్కల్లో చాలావాటికి ఆ బైకార్బొనేట్ అరగదు. మన ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే డేటా బోలెడంత ఉంది, ఫార్మాటే చదవలేకపోతోంది. వీటిలో చాలా మొక్కల్ని నర్సరీలో నీళ్ళ బయట పెంచుతారన్నది ఇంకో సంగతి. తొట్టిలో దించగానే పాత ఆకులన్నీ రాల్చుకుని కొత్తగా మొదలెట్టాలి, ఆ కొత్త ఆకుకి కావలసిన కార్బన్ అక్కడ లేదు.

మరి బైకార్బొనేట్‌ని చదవగలిగే మొక్కలేవి? ఇక్కడే నవ్వొస్తుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా. అంటే మన చెరువుల్లో, కాలవల్లో కాళ్ళకి చుట్టుకునే నాచు! మొదటిది కాడ చుట్టూ చిన్నచిన్న ఆకులతో తీగలా సాగుతుంది, రెండోది రిబ్బను పట్టీల్లా అడుగునుంచి పైదాకా లేస్తుంది. సెరటోఫిల్లమ్ కూడా ఈ కోవలోదే. దానికి వేళ్ళే ఉండవు, నక్కతోకలా తేలుతూ ఆకులతోనే నీళ్ళలోని ఎరువు లాగేసుకుంటుంది. ముప్ఫై డిగ్రీల నీళ్ళని కూడా ఇవి తట్టుకుంటాయి. మే నెలలో మా దగ్గర ఎండ 45 ముట్టినప్పుడు ఇది చిన్న విషయం కాదు. చల్లటి నీళ్ళు కోరే మొక్కలు అప్పటికే జావైపోయి ఉంటాయి.

ఆన్‌లైన్‌లో పది కాడల హైడ్రిల్లాకి పెట్టిన ధర చూపిస్తే మా అమ్మ అన్నమాట: "నాచుకు పైసలు పెట్టి కొంటరా బిడ్డా? మన చెర్ల గంపలు గంపలుంటదాయె!" ఈ విషయంలో అమ్మ మాటే నా మాట :)

ఇక సిలిండరు గురించి. తకాషి అమానో (1954–2015) అనే జపాన్ ఆయన చేసిన తొట్లు చూసి నేనూ నోరెళ్ళబెట్టినవాణ్ణే, ఆ అందాన్ని కాదనను. కానీ జపాన్‌లో చాలాచోట్ల నీళ్ళు మెత్తనివి, ఎండలూ మన ఎండలు కావు. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. రాత్రిపూట మొక్కలు కూడా చేపలతోపాటు ఆక్సిజన్‌ని పీల్చుకుంటాయి. దానికి తోడు సిలిండరు కట్టెయ్యడం మర్చిపోయి, కరెంటు పోయి గాలిపంపు ఆగిందనుకోండి, తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మొక్క కోసం చేపని చంపుకునే ఏర్పాటు మనకెందుకు?

మా ఇంటి తొట్టికి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. పనికొస్తే వాడుకోండి.

1. అడుగున ఇసుక. ఇల్లు కట్టేవాళ్ళు తెప్పించుకున్న వాగు ఇసుకలోంచి అడిగి తెచ్చుకున్న రెండు తట్టలు చాలు. తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి రెండంగుళాల మందాన పరవాలి. పాలరాతి ముక్కలు, గవ్వలు వద్దు, అవి నీళ్ళని ఇంకా గట్టిచేస్తాయి. అనుమానమున్న రాయి మీద నిమ్మకాయ పిండి చూడండి. బుస్సుమని నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టు.

2. వెలుగు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు, అదీ టైమరు పెట్టి. కిటికీ ఎండ నేరుగా పడితే మొక్కకంటే ముందు అద్దం పచ్చబడుతుంది.

3. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడం. నల్లా నీళ్ళయితే బకెట్టులో ఒకరోజు నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది.

4. ఆకులు పాలిపోతుంటే ఏ ఆకులో చూడండి. కొత్త చిగుర్లయితే ఇనుము అందట్లేదని అనుమానించాలి, గట్టి నీళ్ళలో ఇనుము మొక్కకి అందకుండా అడుగున పేరుకుపోతుంది. ముదురాకులు పచ్చబడితే నైట్రోజన్ తక్కువైందేమో చూడాలి. చేపలుంటే వాటి రెట్టే చాలావరకు ఆ లోటు తీరుస్తుంది.

5. ఒకేసారి ఒక్క మార్పే చెయ్యాలి, రెండు వారాలు ఆగాలి. లైటూ ఎరువూ చేపలూ ఒకే ఆదివారం మార్చేసి "ఏది పనిచేసిందో తెలీట్లేదు" అంటే బగ్ ఎక్కడుందో ఎవరు చెప్తారు?

నాచు ఎవరూ స్నానం చెయ్యని చోట, గుప్పెడు తెచ్చుకుంటే చాలు. దాంతోపాటు జలగలు, నత్తలు, తూనీగ పిల్లపురుగులు వచ్చేస్తాయి. అందుకని బాగా జాడించి, రెండు వారాలు విడిగా బకెట్టులో ఉంచి, అప్పుడు తొట్టిలో వెయ్యాలి.

ఇంతవరకూ ఖర్చు తగ్గించుకునే సంగతి. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను.

మన హైడ్రిల్లా 1950ల మొదట్లో అక్వేరియం వ్యాపారం వెంట అమెరికాలో ఫ్లోరిడా చేరింది. తొట్లలోంచి కాలవల్లో పడింది. చిన్న ముక్క విరిగినా కొత్త మొక్కయ్యే జాతి అది. అక్కడి చెరువులూ నదులూ కమ్మేసింది, దాన్ని అదుపు చెయ్యడానికి ఏటా లక్షల డాలర్లు పోస్తూనే ఉన్నారు. ఇప్పుడది ఆ దేశపు కేంద్ర ప్రభుత్వం నిషేధించిన కలుపుల జాబితాలో ఉంది. మన దేశంలో సహజంగా పెరిగే హైగ్రోఫిలా పాలిస్పెర్మా కూడా అదే జాబితాలో ఉంది. (డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి ఊరినుంచి నాచు తెచ్చుకుందామనుకునే మిత్రులు ఈ వాక్యం రెండోసారి చదవగలరు.)

మన దగ్గర జరిగిందేమిటంటే దీనికి తిరగేసిన కథ. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. 19వ శతాబ్దంలో పువ్వు అందంగా ఉందని బెంగాల్‌కి తెచ్చారు. ఇవాళ మూసీలో, హైదరాబాదు చెరువుల్లో మిషన్లు పెట్టి తోడుతున్నా తరగట్లేదు. అది కమ్మిన చోట వల దిగదు, కింది నీళ్ళకి వెలుగు అందదు, దోమలకి మాత్రం పండగ. మొన్నమొన్న ఆంధ్రలో చేపల రైతుల చెరువుల్లో "దెయ్యం చేప" అని పత్రికల్లో వచ్చింది చూడండి, అద్దానికి అతుక్కుని పాచి తింటుందని తొట్టికోసం కొనే సక్కర్ చేపే అది!

కాబట్టి షాపులో కొన్న పైదేశం మొక్కని తొట్టిలో పెంచడం ఒక ఎత్తు, విసుగొచ్చాక "పాపం బతుకుతుందిలే" అని చెరువులో వదలడం ఇంకో ఎత్తు. ఆ జాలి చాలా ఖరీదైనది. మూలవాగులో ఇవాళ వేసిన ముక్క వానాకాలం వరదకి మానేరులో కలుస్తుంది, అక్కణ్ణుంచి మధ్య మానేరు జలాశయం ఎంతో దూరం లేదు. దానికోసం ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేశారు. ఆ నీళ్ళమీద ఆధారపడ్డ మత్స్యకారులకి మన తొట్టి సరదాతో ఏం సంబంధం?

తొట్టి కత్తిరింపుల్ని నేను గచ్చుమీద ఎండబెడతాను. కరకరలాడేదాకా ఎండాక మల్లెచెట్టు మొదట్లో వేస్తాను. తొట్టి కడిగిన నీళ్ళూ చెట్లకే, మోరీలోకి కాదు. అయిదు నిమిషాల పని. ఊరి నాచుకైనా ఇదే నియమం, ఎందుకంటే తొట్టిలో దాని పక్కనే పెరిగిన పైదేశం మొక్క ముక్కలూ నత్త గుడ్లూ దాన్ని పట్టుకునే ఉంటాయి.

మా వేములవాడలో సద్దుల బతుకమ్మ అన్ని ఊళ్ళలాగా తొమ్మిదో రోజున కాకుండా ఏడో రోజునే చేస్తారు. ఆడవాళ్ళు ఏరికోరి తెచ్చిన తంగేడు, గునుగు పూలని నీళ్ళలో వదులుతారు, అవి మళ్ళీ మొలిచి చెరువుని మింగవు. చెరువులో ఏది వెయ్యొచ్చో పెద్దవాళ్ళకి ఒక లెక్కుంది. తొట్లు కొనుక్కున్న మనకి ఆ లెక్క ఇంకా రాలేదు. ఆన్‌లైన్లో మొక్కలమ్మేవాళ్ళు ప్రతి ప్యాకెట్ మీదా "చెరువులో వదలకండి" అని తెలుగులో ఒక్క ముక్క అచ్చువేస్తే ఎంతో మేలు. వాళ్ళు వేసేదాకా మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి. ఏమంటారు?