ఏనుగు దారి తప్పిందా?

పెద్ద ఏనుగు రోజుకు ఎంత మేత తింటుందో మీకు తెలుసా? దాదాపు 150 కిలోలు! నూరు లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. తిన్నదాంట్లో సగం కూడా దానికి అరగదు. మిగిలినదంతా పేడగా అడవిలోనే పడుతుంది. ఆ పేడలో పండ్ల గింజలుంటాయి. అవి తల్లిచెట్టుకు ఎంతో దూరంలో మొలకెత్తుతాయి. కదలలేని చెట్టుకు ఏనుగే కాళ్లన్నమాట.

ఇక కురుపాం సంగతి చూద్దాం. అది పార్వతీపురం మన్యం జిల్లాలో, ఒడిషా సరిహద్దు కొండల దగ్గర ఉంది. 2007లో ఒడిషా కొండలు దాటి ఏనుగులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి వచ్చాయి. 2018లో మరో గుంపు వచ్చింది. కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి ప్రాంతాల్లో వరి, చెరకు, అరటి తింటూ తిరిగింది. మనుషుల ప్రాణాలు పోయాయి. ఏనుగులూ చచ్చిపోయాయి. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు కూలిపోయాయి. ఏనుగు 22 నెలలు గర్భం మోస్తుంది. కాన్పుకు సాధారణంగా ఒకే పిల్ల. ఆ నాలుగింటి లోటు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కవేయండి.

"ఏనుగులు ఊళ్ల మీద పడ్డాయి" అంటున్నారు. అది సగమే నిజమని నా అభిప్రాయం. అడవిలో ఆ 150 కిలోల కోసం ఏనుగు పగలూ రాత్రీ నడవాలి. ఇక్కడ వెదురు, అక్కడ గడ్డి, మరోచోట బెరడు. చెరకు తోటలోనో? అంతా ఒక్కచోటే, పైగా తియ్యగా. విస్తరి వేసి వడ్డించినట్టే! వడ్డించింది మనం. అడవి చెదరగొట్టి ఉంచిన తిండిని ఒకచోట కుప్పపోయడం మానవుడు ప్రకృతిలో చేస్తున్న పెద్ద పని. దాదాపు పదివేల ఏళ్లుగా చేస్తున్నాం. అందుకే ఇంతమందిమయ్యాం. భూమ్మీది క్షీరదాలన్నిటినీ త్రాసులో వేస్తే ఆ బరువులో నూటికి 36 పాళ్లు మనుషులు, 60 పాళ్లు మనం పెంచే పశువులు. తిమింగలాలతో సహా అడవి, సముద్ర జంతువులన్నీ కలిసి 4 పాళ్లే! ఇది 2018లో శాస్త్రజ్ఞులు వేసిన అంచనా.

తప్పంతా పోడు కొట్టే సవరలదీ, జాతాపులదీ అనేవాళ్లున్నారు. తొందరపడకండి. పాత పద్ధతి పోడులో రెండు మూడేళ్లు చోళ్లు, సామలు, కందులు పండించి, ఆ కొండను ఏళ్ల తరబడి వదిలేసేవారు. అడవి మళ్లీ లేచేది. చోటు తగ్గి, ఆ విరామం కుదించుకుపోయాకే కొండ బోడిదయింది. అసలు బ్రిటిష్‌వారి కాలంలో తూర్పు కనుమల గుగ్గిలం చెట్లు ఎన్నో రైలుపట్టాల కింద స్లీపర్లయిపోయాయి. ఆ రైళ్లెక్కి తిరిగింది కొండవాళ్లా?

మరి ఏనుగుల్ని తరిమేస్తే సరిపోదా అంటారేమో. తరమడమంటే కొండకు అటువైపున్న రైతు పొలంలోకి తోలడమే. అంతకంటే కరెంటు తీగలు తొండానికి అందనంత ఎత్తున కట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ గట్టి కంచె వేయాలి. అడవి పందుల కోసమని చేల చుట్టూ దొంగతనంగా పెట్టే కరెంటు తీగల్ని తీయించాలి. గుంపు ఏ ఊరి దగ్గరుందో పొద్దుగూకే ముందే చాటింపు వేయాలి. పంట పోయిన రైతుకు మళ్లీ నాట్లు వేసేలోగా పరిహారం చేతికందాలి. చేను పోగొట్టుకున్నవాడికి డబ్బివ్వకుండా ఏనుగును ప్రేమించమని ఉపన్యాసమివ్వడం న్యాయం కాదు.

మీ ఊరికి ఏనుగులు రాకపోవచ్చు. కోతులు వస్తున్నాయి గదా! మీ ఊరి గుట్ట మీద ముప్పయ్యేళ్ల కిందట ఏయే పండ్ల చెట్లుండేవో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి ఒక వరుసలో రాయండి. ఇప్పుడున్నవి పక్క వరుసలో రాయండి. ఆ కాగితం చేతపట్టుకుని, మీ ఇంటి కప్పు మీద కూర్చున్న కోతిని మరోసారి చూడండి.