ఇంటిపేరూ, వంశశుద్ధి అనే భ్రమా

ఇంటిపేరు వంశశుద్ధికి తిరుగులేని సాక్ష్యమని కులసభల వేదికలపై కొందరు పెద్దలు ఇప్పటికీ ఉపన్యసిస్తున్నారు. తాతముత్తాతల నుంచి చెక్కుచెదరక వచ్చిన రక్తానికి అది ముద్రట! ఈ వాదాన్ని చట్టంగా మార్చి చూసిన దేశం ఒకటుంది. అది దక్షిణాఫ్రికా.

అక్కడి ఆఫ్రికానర్లలో స్నేమన్ అనే ఇంటిపేరు ప్రసిద్ధం. ఆ వంశానికి మూలపురుషుడు క్రిస్టోఫెల్ స్నేమన్. పేరు ఐరోపాదే. మరి తల్లి? పులికాట్ నుంచి వెళ్లిన కాత్రైన్! 17వ శతాబ్దంలో పులికాట్ డచ్చి ఈస్టిండియా కంపెనీకి కోరమాండల్ తీరంలో ముఖ్య స్థావరం. ఆ తీరం నుంచి బట్టలతోపాటు బానిసలనూ కంపెనీ ఓడలకెక్కించింది. బటావియాలో బానిసగా ఉన్న ఈమె హత్యానేరానికి యావజ్జీవ ప్రవాసశిక్ష పొంది 1657లో కేప్ చేరింది, అక్కడ బట్టలుతికింది. ఆమెకు ఇంటిపేరు లేదు. కంపెనీ దస్తరాలు ఆమెను ఊరిపేరుతోనే గుర్తించాయి. కొడుకు ఫ్రెంచి హ్యూగెనాట్ కుటుంబపు పిల్లను పెళ్లాడాడు. తండ్రిపేరు నిలిచింది, తల్లి ఊరు మరుగుపడింది.

రెండున్నర శతాబ్దాలు గడిచాక, 1949లో, తెల్లవారికీ ఇతరులకూ మధ్య వివాహాలను అక్కడి ప్రభుత్వం నిషేధించింది. 1950లో జనాన్నంతా జాతులవారీగా నమోదు చేయించింది. ఆ శాసనమే ముందు ఉండి ఉంటే స్నేమన్ల వంశమే ఉండేది కాదు! ఆఫ్రికానర్ల మూలాల్లో సుమారు 7 శాతం ఐరోపాకు వెలుపలివని 1971లో హేసె అనే ఆఫ్రికానర్ పండితుడే లెక్కతేల్చాడు. ఆ చట్టాలు 1985లో ఒకటి, 1991లో ఒకటి రద్దయినవి.

"అది తెల్లవారి గొడవ, మనకేమిటి?" అంటారా? 1860 నవంబరు 16న మద్రాసు ఓడ డర్బను చేరింది మొదలు 1911 దాకా సుమారు 1,52,000 మంది భారతీయ కూలీలు నేటాలుకు తరలించబడ్డారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఓడల జాబితాల్లో కులానికొక గడి ఉండేది, ఇంటిపేరుకు లేదు. అందుకే అక్కడ ఎందరో తెలుగువారికి నాయుడు, రెడ్డి అనే కులసూచకాలే ఇంటిపేర్లయినవి. అనాదిగా వచ్చిందని ఏ మనుమడైనా మురిసే పేరును గుమాస్తా కలం నిర్ణయించింది.

నేను పాఠం చెప్పే సిద్దిపేటలో అద్దెగది కోసం వెళ్లిన విద్యార్థిని ముందు ఇంటిపేరే అడుగుతారు. ఆ ప్రశ్నకు అర్థం కులమని అడిగేవాడికీ తెలుసు, అడిగించుకున్నవాడికీ తెలుసు. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారిపోతుంటే మాత్రం వంశాభిమానులకు చీమకుట్టినట్లయినా ఉండదు. సగం పూర్వీకులను, అంటే తల్లులందరినీ, తుడిచిపెట్టిన పట్టికకు వంశచరిత్ర అని పేరా?

ఇంటిపేర్లను పరిశోధించవద్దని నేననను. తప్పక పరిశోధించాలి, ఊళ్లు, వృత్తులు, వలసలు అందులో దాగి ఉన్నాయి. కాని పరిశోధన వేరు, పూజ వేరు. అధ్యాపకులారా! తరగతిలో ఇంటిపేరు అడిగి కులం పోల్చుకోవడం మానండి. విద్యార్థులారా! మీ తల్లి పుట్టిన ఊరేదో, ఆమె తల్లి చేసిన పని ఏమిటో ముందు వ్రాసిపెట్టండి. చరిత్ర అక్కడ మొదలవుతుంది.