పనికొచ్చే మాటలు: తెర మీద బొమ్మ పడాలంటే



ఉగాది కానివ్వండి, సంక్రాంతి కానివ్వండి, మన వేడుకలు ఇప్పుడు తెర లేనిదే సాగడం లేదు. పిల్లల నాటకానికి వెనుక కోట బొమ్మ కావాలి. పద్యం చదివే అమ్మాయికి తాత్పర్యం తెర మీద పడాలి. గతించిన సభ్యులను తలుచుకునేటప్పుడు వారి ఛాయాచిత్రాలు చూపాలి. హాలుకు అద్దె గంటల లెక్కన కడుతున్నాము గదా! అందులో అరగంట నలుగురు పెద్దమనుషులు ఒక కేబుల్ చుట్టూ మూగితే, చివరికి కత్తెర పడేది పిల్లల అంశాలకే. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మ, మనవరాలి పద్యం వినకుండానే లేచి వెళ్ళవలసి వస్తుంది. కనుక ఈ మాసం కంప్యూటరును ప్రొజెక్టరుకు కలిపే పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

హాళ్ళలో తరచు ఎదురయ్యే కేబుళ్ళు మూడు రకాలు. మూడు వరుసల్లో పదిహేను పిన్నులు, రెండు పక్కలా మరలు ఉన్నది వి.జి.ఎ. ఇది 1987లో ఐ.బి.ఎం. వారు తెచ్చినది. కొత్త కంప్యూటర్లలో అరుదైపోయింది గానీ పాత హాళ్ళ గోడల్లో ఇంకా ఉంది. ఇది బొమ్మను మాత్రమే మోస్తుంది. పాట వినబడాలంటే వేరే కేబుల్ కావాలి. తెల్లగా ఉండవలసిన తెర పసుపు పచ్చగా కనిపిస్తే, ముందు ఈ కేబుల్‌నే చూడండి. నీలం రంగు మోసే పిన్ను సరిగా తగలకపోతే అలా అవుతుంది. ఊడదీసి, పిన్ను వంగిందేమో చూసి, మళ్ళీ బిగించండి.

రెండవది 2002లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. బొమ్మ, ధ్వని రెండూ ఒకే కేబుల్‌లో వెళతాయి. అయితే ధ్వని ప్రొజెక్టరులోని బుల్లి స్పీకరుకు పోయి, హాలు స్పీకర్లు మూగగా ఉండిపోవడం కద్దు. అప్పుడు హాలు స్పీకర్ల కేబుల్‌ను కంప్యూటరు హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టి, సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్‌ను ఎంచుకోవాలి.

మూడవది 2014లో వచ్చిన యు.ఎస్.బి.-సి. తిరకాసంతా ఇక్కడే ఉంది. రంధ్రాలన్నీ ఒకే ఆకారంలో ఉన్నా అన్నిటి నుంచీ బొమ్మ రాదు. కొన్ని ఛార్జింగుకూ, ఫైళ్ళు పంపడానికీ మాత్రమే. కేబుళ్ళ సంగతీ అంతే. ఇంటి దగ్గరే పరీక్షించి తీసుకురావడం మేలు.

ఒక రకం నుంచి మరొక రకానికి మార్చే అడాప్టర్లకు దిక్కు ఉంటుంది. హెచ్.డి.ఎం.ఐ. కంప్యూటరు నుంచి వి.జి.ఎ. ప్రొజెక్టరుకు పనిచేసేది, తిప్పి పెడితే పనిచేయదు. హాలు చివరి నుంచి వేదిక దాకా వేసే పొడుగు హెచ్.డి.ఎం.ఐ. కేబుళ్ళలో కొన్నిటికి కూడా ఇదే నియమం. ఏ కొన కంప్యూటరుకో, ఏ కొన ప్రొజెక్టరుకో వాటి మీదే రాసి ఉంటుంది.

ఇక కలిపే క్రమం. కేబుల్ రెండు కొసలూ గట్టిగా పెట్టి, రెండు యంత్రాలూ వెలిగించండి. ప్రొజెక్టరు మీద గానీ దాని రిమోట్ మీద గానీ 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' అనే బొత్తాం నొక్కి, మీరు కేబుల్ పెట్టిన రంధ్రం పేరు ఎంచుకోండి. విండోస్ కంప్యూటరైతే, విండోస్ గుర్తు ఉన్న మీటతో పాటు 'పి' నొక్కి 'డూప్లికేట్' ఎంచుకుంటే, మీ ముందున్న బొమ్మే తెర మీదా పడుతుంది.

అప్పటికీ కుదరకపోతే తెర ఏం చెబుతోందో చూడండి. 'నో సిగ్నల్' అంటే సోర్స్, కేబుల్, అడాప్టర్ వరుసగా ఒక్కొక్కటే మార్చి చూడాలి. అన్నీ ఒకేసారి పీకితే లోపం ఎక్కడుందో తేలదు. అలాకాక కంప్యూటరు నేపథ్య చిత్రం ఒక్కటే కనబడుతుంటే కేబుల్ నిక్షేపంగా ఉన్నట్లే! కంప్యూటరు తెరను రెండో తెరగా భావించి 'ఎక్స్‌టెండ్'లో ఉంది. 'డూప్లికేట్'కు మారిస్తే చాలు.

మన అక్షరాల సంగతి కూడా మరవరాదు. ఒకరి ఇంట్లో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని వేరొకరి కంప్యూటరులో గళ్ళుగానో, పిచ్చి గీతలుగానో మారవచ్చు. ఫాంటుతో సహా పి.డి.ఎఫ్.గా భద్రపరచి తెస్తే ఆ బెంగ ఉండదు.

ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు. చిక్కల్లా, ఈ పని ఎవరో ఒక్కరికే వదిలేయడం. ఆయన ఊళ్ళో లేని రోజున సభ మొత్తం తెల్లతెర వైపు చూస్తూ కూర్చుంటుంది. కేబుళ్ళు, అడాప్టర్లు ఒకే సంచిలో ఉంచి, ఒక్కొక్క దానికి పేరు చీటీ కట్టాలని మా సూచన. ప్రతి కార్యక్రమానికి ఇద్దరు ముందుగా వచ్చి, ఆ రోజు వాడే కంప్యూటరుతోనే, ఆ హాలులోనే, బొమ్మనూ పాటనూ ఒకసారి నడిపి చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు కొత్తవారై ఉండాలి. హైస్కూలు పిల్లలైతే మరీ సంతోషం. వచ్చే వేడుకకు గంట ముందు రాగలవారు దయచేసి కార్యదర్శికి తెలియజేయండి.