తెరమీది యేసు, గ్రంథంలోని యేసు

బాప్తిస్మానికి సిద్ధపడుతున్న ఒక యువకుణ్ణి ప్రభువు జన్మ వృత్తాంతం చెప్పమని అడిగాము. సత్రం యజమాని తలుపు తీసి, చోటు లేదని మరియ యోసేపులను కసిరి పంపిన వైనం కళ్లకు కట్టినట్టు చెప్పాడు. లూకా 2:7లో సత్రంలో స్థలం లేదన్న మాట ఉంది గానీ యజమాని ఎక్కడా కనబడడు. తప్పు ఆ కుర్రవాడిది కాదు. సండే స్కూలు నాటకాల్లో ఏటేటా ఆ వేషం కట్టిస్తున్నది మనమే.

'కరుణామయుడు' సంగతికి వద్దాము. 1978లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. ఆయన ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూయగా క్రిస్టఫర్ కొయిలో పూర్తిచేశారు. యేసుగా విజయచందర్ నటించారు. హిందీలో అది 'దయాసాగర్' అయింది. కోనసీమ పేటల్లో కొబ్బరిచెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టి వేస్తే, అక్షరం రాని మన పెద్దలు నేలమీద కూర్చుని కన్నీరు కార్చారు. ఆ చిత్రానికి వచ్చిన పేరు న్యాయమైనదే. దాన్ని తక్కువ చేయడానికి మాకు మనసొప్పదు.

అయితే ఆ పేరులోనే ఒక ఎంపిక ఉంది. మన మనసుల్లో నిలిచిపోయినది కరుణ మాత్రమే. మత్తయి 23లో శాస్త్రులను, పరిసయ్యులను ముఖం మీదే గద్దించిన యేసు ఎందరికి జ్ఞాపకమున్నాడు? పండుగనాడు ప్రసంగించే మాబోటి వారు కూడా ఆ అధ్యాయాన్ని మెల్లగా దాటేస్తుంటారు.

2004లో వచ్చిన మెల్ గిబ్సన్ 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' మరొక దారి పట్టింది. కొరడా దెబ్బలను యోహాను ఒక్క వచనంలో ముగించాడు (19:1). తెరమీద అవి ఎంతకీ ముగియవు. పునరుత్థానమో, కొద్ది క్షణాల్లో అయిపోతుంది. సువార్తికులు గాయాలను లెక్కపెట్టలేదు. ఖాళీ సమాధి దగ్గరికి మనలను నడిపించారు. పైగా ఆ చిత్రంలో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీయే మగ్దలేనే మరియ. లూకా 8:2 ఆమెను ఏడు దయ్యాలు విడిచిపోయాయని మాత్రమే చెబుతుంది. ఆమెను పాపాత్మురాలైన మరొక స్త్రీతో కలిపి బోధించినది 591లో పోపు గ్రెగరీ. ఒక విశ్వాసురాలి పేరు మీద పద్నాలుగు వందల ఏళ్లుగా మోపిన నిందను కెమెరా మరింత గట్టిపరచింది. ఇది చిన్న విషయం కాదు.

సినిమా చూడవద్దని మేము చెప్పము. మా మందిరంలో శుభ శుక్రవారం సాయంకాలం చిత్రం వేయడానికి ముందు యోహాను 18, 19 అధ్యాయాలు పూర్తిగా చదివించడం మొదలుపెట్టాము. ఆలస్యమవుతోందని యౌవనస్థులు కొందరు సణిగారు. మొదటిసారి గిబ్సన్ చిత్రం అయ్యాక ఒక వృద్ధురాలు పరిశుద్ధ గ్రంథం చంకన పెట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, దారిలో ప్రభువు ముఖం తుడిచిన ఆ తల్లి ఏ వచనంలో ఉందండీ? నాకు వినబడలేదు."

"ఎక్కడా లేదమ్మా" అన్నాము.

ఆమె కాసేపు నిలబడి, "మరి తుడిచినవాళ్లే లేరా?" అంది.