బండ బరువు ఒకటే, బాట బరువు వేరు

మొన్న సంక్రాంతికి సముద్రం పక్కనున్న మా ఊళ్లో బండలాగుడు పోటీలు పెట్టారు. నాలుగు పళ్ల విభాగంలో తొమ్మిది జతలు దిగాయి. పొద్దున్నే వెళ్లి ఒక్కో జతనూ చూసుకుంటూ వచ్చాను, నలభై ఏళ్ల అలవాటు. జనం యజమాని పేరు చూసి, నిరుడు కొట్టిన బహుమతి చూసి గెలుపు చెప్పేస్తారు. నేను ముందు గిట్టలు చూస్తాను, తర్వాత జత కుదిరిందో లేదో చూస్తాను. దాపటిది ముందడుగు వేసి వలపటిది వెనకబడితే కాడి వంకరపోతుంది, సగం బలం మెడ దగ్గరే పోతుంది. ఆ తర్వాత మలుపు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క కాబట్టి, బాట చివర బండను ఎంత త్వరగా తిప్పుకుంటాయో అక్కడే పోటీ తేలిపోతుంది.

ఆ తొమ్మిదింటిలో నా మనసుకు పట్టినవి కాస్త చిన్న తెల్లగిత్తలు. రెండూ ఒక్క అడుగే వేస్తున్నాయి. చీటీల్లో వాటికి ఆఖరి నంబరు వచ్చింది. నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్పాలంటే ముందు తూకం సంగతి చెప్పాలి.

మలక్‌పేట గుర్రప్పందేల్లో హ్యాండిక్యాప్ రేసని ఉంటుంది. బాగా గెలిచే గుర్రానికి ఎక్కువ బరువు, వెనకబడేదానికి తక్కువ బరువు లెక్కగట్టి పెడతారు. 1,200 మీటర్ల పరుగు నిమిషంన్నర లోపే అయిపోతుంది, అక్కడ ఒక్క కిలో తేడా కూడా తేడానే. మనకు ఆ తూకం పళ్లతో. ఎద్దుకు పై దవడకు ముందు పళ్లుండవు. కింది పెదవి దించి చూస్తే పాలపళ్లు ఊడి గట్టి పళ్లు ఎన్ని వచ్చాయో తెలుస్తుంది. రెండు రెండున్నరేళ్లకు రెండు, ఐదేళ్లకు అటూ ఇటూగా ఎనిమిది. పళ్లను బట్టే బండ. లేతగిత్తకు ముదురుగిత్త బండ కట్టకూడదన్న న్యాయం అది.

బాట బరువును మాత్రం ఎవరూ తూచడం లేదు. మాది ఇసుక కలిసిన నేల. పొద్దున మంచు తడికి గట్టిగా ఉంటుంది, బండ జారుతుంది. పదకొండు దాటితే పొడిపొడిగా లేస్తుంది, బండ ముందు మట్టి కుప్పపడుతుంది. ఆఖరి జత వంతు వచ్చేసరికి అదే జరిగింది. మూడో మలుపులో బండ అంచు ఇసుకలో జానెడు దిగబడింది. ములుగర్ర బయటికొచ్చింది. మూగజీవాల్ని హింసించడం నేరమని 1960 నుంచే చట్టం ఉంది. అయినా ఆ కర్రను పట్టుకుని ఆపినవాళ్లు లేరు.

కమిటీలను నేను అడిగేది ఇది. ప్రతి జతకూ ముందు బాట చదునుచేసి నీళ్లు చల్లండి. ఒక ట్రాక్టరు, ఒక ట్యాంకరు చాలు. ములుగర్ర తగిలాక లాగిన అడుగులు లెక్కలో వేయకండి. మన పశువుల సంతతిని బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలుచుకుంటారు. పేరిచ్చిన గడ్డ మీద ఆ గిత్తలకు తడి బాటైనా దక్కాలి.

ఆ జత ఐదో స్థానంలో నిలిచింది. దగ్గరికెళ్లి చూస్తే వలపటిదాని ముట్టె నిండా తడిసిన ఇసుక. తోలిన కుర్రాడు తువ్వాలుతో తుడుస్తున్నాడు. నన్ను చూసి, "వచ్చే ఏడన్నా ముందు నంబరు వస్తుందా తాతా?" అన్నాడు.