ఆంగ్ల సహాయక క్రియలు – మన తెలుగు

ఉస్మాన్‌గంజ్ వర్తకుడొకడు తన ఖాతాదారునకు "ఈ నెల సొమ్ము చెల్లింపనక్కరలేదు" అని ఆంగ్లమున తెలుపగోరి, ‘మస్ట్ నాట్ పే’ యని వ్రాసెననుకొందము. అది "చెల్లింపరాదు" అను నిషేధమగును! ‘మస్ట్’ అనగా వలయును. దానికి ‘నాట్’ చేరినచో మన "వలదు" వంటిదే యగును గాని "అక్కరలేదు" కానేరదు. అందులకు ‘నీడ్ నాట్’ వేరుగా కలదు. ఈ భేదమును తెలుగున పసిబిడ్డయు నెరుగును. అట్టి తెలుగును ప్రక్కకు నెట్టి, ఈ క్రియలను పట్టికగా వల్లె వేయించుట నాకు సమ్మతము కాదు.

"పోగలను, పోగలవు, పోగలడు" అని మన క్రియ మారును, ‘క్యాన్’ మారదు. ‘హీ క్యాన్స్’ అని వ్రాసిన బాలుని బెత్తముతో గాక ఈ పోలికతో దిద్దవలయును. "పోవలయును" మాత్రము, ‘మస్ట్ గో’ వలెనే, అందరికిని ఒక్కటే రూపము. తలిదండ్రులారా! "రానక్కరలేదు", "రారాదు" అను రెంటిని ఆంగ్లమున చెప్పుమని నేటి రాత్రియే మీ బిడ్డలనడుగుడు.