దీపం వుండగానే

దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. బాగానే వుంది. కాని ఆ దీపాన్ని చక్కబెట్టేదెవరో సామెత చెప్పదు. నూనెదీపాల నాడు చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. ప్రమిద తోమి, వత్తి యెగదొయ్యకపోతే రాత్రికి వెలుగే వుండదు. తరవాత కిరసనాయిలు లాంతరు వచ్చింది. సాయంకాలం నాలుగయ్యేసరికి అరుగుమీద లాంతరు గ్లాసులు వరసగా కూర్చునేవి. కాస్త బూడిద, ఒక మెత్తటి గుడ్డ. గ్లాసులో దూరేది చిన్న చెయ్యే కాబట్టి ఆ పని ఆడపిల్లలదే. మసి తియ్యని లాంతరు ఆ రాత్రే ఇంటివారి పరువు తీసేది.

కరెంటు వచ్చాక ఆ భయం పోయింది. మీట నొక్కితే యెలాగూ వెలుగుతుంది. రోజుకు పిసరంత చొప్పున వెలుగు తగ్గుతూ పోతే కంటికి తెలియదు. ఎవరూ తల పైకెత్తి చూడరు.

మా ప్రాంతంలో పైకి చూడవలసిన అవసరం మరికాస్త యెక్కువ. ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు దాకా కొల్లేరూ, వరిచేలూ, చేపల చెరువులూను. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. వరి కంకి వేసే రోజుల్లో పచ్చదోమ, సుడిదోమ దీపాలమీదికి దండెత్తుతాయి. వీటి రాక కనిపెట్టటానికి చేలలో దీపపు ఎర పెట్టమని వ్యవసాయశాఖవారు రైతులకు చెబుతారు. మనం చెప్పించుకోకుండానే హాల్లో ఒకటీ, వరండాలో ఒకటీ పెట్టి వుంచుతాం! తెల్లారి చూస్తే గాజుడోము అడుగున గుప్పెడు రెక్కలు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లుల పక్కన కాపురం వున్నవారికి వూకదుమ్ము అదనం. వంటింటి దీపానికైతే తాలింపు పొగా, నూనె జిడ్డూ తోడు.

ఇందులో అంత ప్రమాదమేముందంటారా? ఆకివీడు దగ్గర పల్లెలో వుండే మా పెద్దమ్మ నాలుగు నెలలుగా రాత్రిపూట సీరియల్ చదవటం మానేసింది. శుక్లాలు ముదిరాయని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆవిడా నమ్మేసింది. “ఇంకేముందే అమ్మాయ్, ఇక చెవులతోనే కాలక్షేపం” అన్నది నాతో. అదే పత్రిక పగలు అరుగుమీద కూర్చుని చదువుతోంది! పడకగదిలో పైకి చూశాను. తెల్లడోము గోధుమరంగుకు తిరిగివుంది. మనవడు దాన్ని దింపి కడిగాడు. ఆ రాత్రి పెద్దమ్మ రెండువారాల సీరియల్ పూర్తిచేసి గాని పడుకోలేదు. కంటిడాక్టరు దగ్గరికి వెళ్లవద్దని నేననను, మేమూ తీసుకువెళ్లాం. శుక్లం వుందిగాని, ఇంకా ముదరలేదన్నారు. వయసు మీదపడేకొద్దీ చదవటానికి వెలుగు యెక్కువ కావాలి. అది తెలియక ఒక మనిషి నాలుగు నెలలు తన్ను తాను గుడ్డివారిలో జమకట్టుకోవటం చిన్న విషయమా?

పని పెద్దదేం కాదు, జాగ్రత్తే ముఖ్యం. స్విచ్చి ఒక్కటీ ఆపితే చాలదు, మెయిన్ కట్టెయ్యండి. వైరింగు తారుమారైన ఇళ్లలో స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు వుండవచ్చు. బల్బు చల్లారనివ్వండి. వేడిగాజుమీద తడి పడితే పగులుతుందని లాంతరు తోమినవారికి చెప్పనక్కర్లేదు. కుర్చీమీద స్టూలు వెయ్యకండి. నిచ్చెన వేసి, కింద ఒకరిని పట్టుకోమనండి. గాజుడోమును గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకనే బిగించండి. గుడ్డ, కాగితం షేడులకు నీళ్లు తగలనివ్వక మెత్తటి బ్రష్షుతో దులపండి. బల్బునూ, హోల్డరునూ పొడిగుడ్డతోనే తుడవాలి. ట్యూబులైటు పగిలితే వట్టిచేత్తో యేరకండి, అందులో పాదరసం వుంటుంది. కిటికీలు తెరిచి, అట్టముక్కతో యెత్తండి.

2014లో ఎల్.ఇ.డి. బల్బులు ఇంటికి 2 చొప్పున, ఒక్కొక్కటి 10 రూపాయలకు పంచటం ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పుడు, తొలి 4 జిల్లాల్లో మన పశ్చిమ గోదావరి ఒకటి. ఇవి చాలాకాలం మన్నుతాయి. చిక్కు కూడా అదే! పాతబల్బు మాడినప్పుడల్లా పైకెక్కి, పనిలో పనిగా దుమ్మూ దులిపేవాళ్లం. ఇప్పుడు యేళ్ల తరబడి యెక్కే పనే లేదు. పైగా ఈ బల్బు తన వేడిని మెడ దగ్గరి భాగంగుండా వదులుకుంటుంది. అక్కడ దుమ్ము పేరుకుంటే వేడి లోపలే నిలిచి, దాని ఆయువు తగ్గుతుంది.

అంచేత ఏడాదికి రెండు రోజులు పెట్టుకోండి. ఉసిళ్ల రోజులు వెళ్లాక ఒకటి, సంక్రాంతి బూజుదులుపుళ్లలో ఒకటి. లాంతరుగ్లాసులో దూరటానికి చిన్న చెయ్యి కావలసివచ్చిందిగాని, నిచ్చెనకు ఆ పట్టింపు లేదు, మగపిల్లలనూ యెక్కించండి. దీపాన్ని ఆర్పమనటానికి మన పెద్దలకు నోరు వచ్చేది కాదు, ‘ఘనం చెయ్యి’ అనేవారు. అలాగే పట్టపగలు ఘనం చేసి, డోము దింపండి. ఇల్లు చక్కబెట్టుకోవటానికి దీపం వుండాలి. దీపాన్ని చక్కబెట్టుకోవటానికి మాత్రం అది వెలగని వేళే మంచిది.